అదును–పదును: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒక్కటే: పెద్దవాళ్లు చెప్పినట్టే చేశాం, ఎందుకు పనిచేయలేదు? చాలాసార్లు పద్ధతిలో లోపం ఉండదు. కొలతో, వేళో, నీళ్లో తేడా కొడతాయి. పెద్దవాళ్లకు చేతి అంచనా ఉండేది. మనకు అది లేదు కాబట్టి తక్కెడ, స్కేలు, పరీక్ష కాగితం పట్టుకోక తప్పదు.

ప్రశ్న: మిద్దె తోటలో వంగ, బెండ, మిరప వేశాం. తెల్లదోమకు వేపనూనె కొడితే ఆకులు మాడాయి గానీ దోమ పోలేదు. నూనె కాదు, వేపగింజల కషాయం కొట్టమంటోంది మా అత్తమ్మ. ఏది మంచిది? – పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అత్తమ్మ మాట వినండి. అయితే నూనె మంచిదే, కలపడంలోనే పొరపాటు జరిగింది. స్ప్రేయర్‌లో నీళ్లు పోసి, నూనె వేసి ఊపితే రెండు నిమిషాల్లో అది మళ్లీ పైకి తేలుతుంది. గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కనుక మొదటి మొక్కల మీద వట్టి నీళ్లు పడతాయి, చివరి మొక్కల మీద చిక్కటి నూనె పడుతుంది. మాడినవి చివర్లో కొట్టిన మొక్కలేనా, ఒకసారి గుర్తు చేసుకోండి.

లీటరు నీటికి 5 మి.లీ. నూనె చాలు. ముందు ఆ నూనెలో కుంకుడు రసం చుక్కచుక్కగా పోస్తూ, పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. ఆ తర్వాతే నీళ్లలో కలపాలి. సబ్బుతోనూ ఇదే పని అవుతుంది గానీ నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. సబ్బు వాటిలో విరిగి తెల్లటి తుక్కు కడుతుంది, నూనె విడిపోతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు. వాన నీళ్లో, నల్లా నీళ్లో వాడితే ఇంకా నయం.

కషాయానికి గింజ ముఖ్యం. పసుపుపచ్చగా పండి రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగేసి, గింజలను నీడలో ఆరబెట్టాలి. బూజు పట్టినవి పారేయండి. 3 నుంచి 8 నెలల నిలువ గింజ బాగా పనిచేస్తుంది, ఏడాది దాటితే పస తగ్గుతుంది. పెంకు తీసిన పప్పు 50 గ్రాములు తూచి, నూనె ఊరకముందే ఆపి, బరకగా దంచండి. మూట కట్టి 300 మి.లీ. నీళ్లలో రాత్రంతా నానేయండి. పొద్దున ఆ మూటను అదే నీళ్లలో ముంచి పిండుతూ ఉంటే తెల్లటి పాలు దిగుతాయి. దిగడం ఆగాక వడగట్టి, లీటరుకు సరిపడా నీళ్లు కలిపి, చెంచాడు కుంకుడు రసం చేర్చి ఆ సాయంత్రమే కొట్టేయాలి. మర్నాటికి దాచొద్దు.

సాయంత్రమే ఎందుకంటే, ఇందులో పనిచేసే అజాడిరాక్టిన్ ఎండకు తొందరగా చెడిపోతుంది. క్షార గుణం ఎక్కువున్న నీళ్లలోనూ నిలవదు. లిట్మస్ లాంటి పీహెచ్ కాగితం ముంచి చూడండి. 7 దాటితే నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మళ్లీ చూడండి.

ఇంకొకటి. ఇది దోమను కొట్టి చంపే మందు కాదు. ఆకు రుచించకుండా చేస్తుంది, పిల్ల పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. మర్నాడు పొద్దున చూసి పని చేయలేదనుకుంటే అన్యాయం. నాలుగైదు రోజులు ఆగి ఆకు తిప్పి అడుగున చూడండి, లెక్క అక్కడ తేలుతుంది. వారానికోసారి చొప్పున మూడుసార్లు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఎగిరే పెద్ద దోమలకు పసుపు రంగు అట్టకు ఆముదం రాసి మొక్కల ఎత్తున వేలాడదీయండి. బజారు మందు కొంటే సీసా మీద పీపీఎం అంకె (పది లక్షల పాళ్లలో అజాడిరాక్టిన్ ఎన్ని పాళ్లో చెప్పేది) చూడండి. 1500 అని ఉంటే లీటరుకు 5 మి.లీ., 10,000 అని ఉంటే 1 మి.లీ. ఏదైనా ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి ఒక రోజు ఆగండి.

ప్రశ్న: ఊరి నుంచి కందులు, పెసలు తెచ్చి వేపాకు వేసి డబ్బాలో పెట్టాం. రెండు నెలలకే పుచ్చిపోయాయి. – పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఆ పురుగు మీ డబ్బాలో పుట్టింది కాదు. చేలో కాయ మీద ఉన్నప్పుడే గుడ్డు పెట్టేసి ఉంటుంది. గింజను వెలుతురులో తిప్పి చూస్తే గసగసాల కన్నా చిన్న తెల్లటి చుక్క అంటుకుని కనిపిస్తుంది, అదే గుడ్డు. పిల్ల అక్కడి నుంచి నేరుగా గింజలోకి తొలుస్తుంది. లోపల ఉన్నదాన్ని వేపాకు ఏమీ చేయలేదు. పచ్చి ఆకు వేసి ఉంటే ఆ తేమ పురుగుకే మేలు చేసింది.

ముందు ఎండ. నల్ల ప్లాస్టిక్ పట్టా మీద గింజలు పలచగా పరిచి, పైన పారదర్శకమైన కవరు కప్పి, అంచులకు బరువులు పెట్టి నడి ఎండలో రెండు మూడు గంటలు ఉంచండి. లోపల వేడి గుడ్డునూ పిల్లనూ చంపుతుంది. ఇది తిండి గింజలకు మాత్రమే. విత్తనానికి కవరు కప్పొద్దు, మొలక దెబ్బతింటుంది.

తర్వాత తేమ. పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు వేయించి చల్లార్చిన ఉప్పు వేసి బాగా ఊపండి. ఉప్పు గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోయినా సరిపోదు, పప్పు గింజలు 9, 10 శాతానికి దిగాలి. అప్పుడు పంటి కింద పెడితే నలగదు, టక్కున విరుగుతుంది.

ఆ తర్వాత కిలోకు 5 మి.లీ. ఆముదం అరచేతులతో పట్టించండి. నూనె పొర గుడ్డుకు గాలి ఆడకుండా చేస్తుంది. ఎండబెట్టకుండా నూనె ఒక్కటే రాస్తే లోపలి పురుగు తన మానాన తను తింటూనే ఉంటుంది. ఇక డబ్బాను అంచుదాకా నింపి గాలి చొరకుండా మూత పెట్టాలి. సగం డబ్బా అంటే సగం గాలి. బూడిద కలిపే పద్ధతి కూడా మంచిదే. అది పురుగు ఒంటి మైనపు పూతను గీకి ఎండగడుతుంది. కానీ గింజల సందులన్నీ నిండేంత వేయాలి, చారెడు చల్లితే లాభం లేదు. కందులను పప్పుగా విరగ్గొట్టి దాచే అలవాటు కూడా ఊరికే రాలేదు. ఈ పురుగు గుడ్డు పెట్టడానికి నిండు గింజనే వెతుక్కుంటుంది.

ప్రశ్న: మాది పాత ఇల్లు, రాతి గోడలు, గానుగ సున్నం. మూడేళ్ల కింద మేస్త్రీ గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింట్ వేశాడు. ఇప్పుడు మోకాలి ఎత్తు వరకు తెల్ల పొడి, పొక్కులు. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయమంటున్నారు. – పాఠకుడు, శాలిబండ

జవాబు: దయచేసి ఆ కోటింగ్ వేయించకండి. ఇప్పుడు మోకాలి దాకా ఉన్న చెమ్మ నడుము దాకా ఎక్కుతుంది.

పాత గోడ నేల నుంచి కొద్దిగా తడి పీల్చుకుంటూనే ఉంటుంది. సున్నం గచ్చుకు సన్నటి రంధ్రాలుంటాయి, ఆ తడి ఆవిరై పోతుంది. సిమెంటు దట్టం, దాని మీద ప్లాస్టిక్ పెయింట్ ఇంకా దట్టం. దారి మూసుకుపోయిన తడి లోపలే ఆగుతుంది. అందులో కరిగి ఉన్న ఉప్పులు ప్లాస్టరు వెనక గడ్డకట్టి స్ఫటికాలుగా ఉబ్బుతాయి. మీరు చూస్తున్న పొక్కు ఆ ఉబ్బే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో వెనకటి మరమ్మతుల సిమెంటును తీసేసి మళ్లీ సున్నమే వేశారు.

పని వరసగా చేయండి. మొదట నీటి దారి చూడాలి. పాత బస్తీలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే వేస్తారు, గల్లీ మట్టం గడప దాకా వస్తుంది. వాన నీళ్లు గోడ పునాదిలోకే పోతాయి. గోడ వెంట సిమెంటు గచ్చు ఉంటే తీసి, నీళ్లు బయటికి వాలేలా కాలువ చేయించండి. గోడను ఆనుకుని ఉన్న స్నానాల గది పైపులు కూడా చూడండి. ఇది చేయకుండా సున్నం వేసినా డబ్బు దండగే.

తర్వాత సిమెంటును ఉలి, సుత్తితో చేత్తోనే తీయించాలి. బ్రేకర్ మిషను పెడితే రాళ్ల మధ్య సున్నం అదిరి రాలుతుంది. చెమ్మ గీతకు పైన ఇంకో అడుగున్నర దాకా తీయాలి. రాళ్ల సందులు అంగుళం లోతు గీకాలి. తెల్ల ఉప్పును పొడి బ్రష్‌తో ఊడ్చి బయట పారేయాలి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. వీలైతే ఒక ఎండాకాలం గోడను అలాగే వదిలేయండి.

సున్నం సంగతి. కాల్చిన సున్నపు రాళ్లను నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, రాళ్ల మీద నీళ్లు గుమ్మరించకూడదు. సలసలా మరిగి కళ్లలోకి ఎగురుతుంది, అద్దాలు పెట్టుకోవాలి, పిల్లలను దగ్గరికి రానీయొద్దు. వడగట్టిన ముద్ద మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేలా కనీసం మూడు వారాలు ఊరాలి. ఎంత ఊరితే అంత వెన్నలా అవుతుంది. సరిగా ఊరని పలుకు గోడెక్కాక తడి తగిలి ఉబ్బుతుంది, చిన్న గుంటలా పెచ్చు ఎగరగొడుతుంది.

చెమ్మ ఉన్న కింది భాగానికి 1 పాలు సున్నం ముద్ద, 1 పాలు సుర్కీ, 2 పాలు కడిగిన ఇసుక. పైభాగానికి 1 పాలు సున్నం, రెండున్నర పాళ్ల ఇసుక. సుర్కీ అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి. కాల్చిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది, కింది భాగానికి అది కావాలి. మరీ మాడిన ఇటుక పనికిరాదు. పాతవాళ్లు కలిపే బెల్లం, కరక్కాయ నీళ్లకూ పని ఉంది. బెల్లం కలిస్తే తక్కువ నీటితోనే తాపీకి సాగుతుంది, నీరు తగ్గితే పగుళ్లు తగ్గుతాయి. కానీ బెల్లం ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి. చదరపు అడుగు నమూనా వేసి రెండు వారాలు చూశాకే గోడంతా వేయించండి.

గోడను తడిపి, మొదటి పొర 10–12 మి.మీ. మించకుండా వేయాలి. వారం పది రోజులాగి రెండో పొర 6–8 మి.మీ., చివర నున్నటి పూత 2–3 మి.మీ. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రాయిగా మారుతుంది, అందుకు కొంచెం తడి ఉండాలి. ఎండకు త్వరగా ఆరిందంటే వేలితో రాస్తే పొడి రాలుతుంది. తడి గోనెపట్టాలు వేలాడదీసి రెండు మూడు వారాలు కాపాడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అదును. ఎంత లోతు గట్టిపడిందో చూడాలంటే నమూనా ముక్క విరిచి, విరిగిన అంచు మీద ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే రంగు మారే ద్రావణం) చుక్క వేయండి. గులాబీ రంగు వస్తే అక్కడ ఇంకా పచ్చి సున్నమే ఉంది, రంగు రాకపోతే రాయి అయింది.

చివరిగా సున్నమే కొట్టాలి, ప్లాస్టిక్ పెయింట్ వద్దు. బలం కోసం గుప్పెడు సిమెంటు కలుపుదామని మేస్త్రీ తప్పక అంటాడు. ఒప్పుకోకండి. ఆ గుప్పెడు సున్నం గుణాన్ని చెడగొడుతుంది, సిమెంటు బలాన్నీ ఇవ్వదు.

ప్రశ్న: సజ్జ పిండి వారానికే చేదవుతోంది. మిల్లు వాడిదా తప్పు? – పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కాదు. సజ్జల్లో నూనె ఎక్కువ, దాన్ని విరిచే లైపేజ్ అనే ఎంజైమూ ఉంది. గింజగా ఉన్నంతకాలం రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి, విసిరితే కలుస్తాయి. తిరగలి ఉన్న రోజుల్లో ఏ పూటకా పూట విసురుకున్నది ఇందుకే. నిలవ కావాలంటే గింజలను గుడ్డ మూటలో మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి తీసి, బాగా ఎండబెట్టి పట్టించండి. లేదా దోరగా వేయించి పట్టించండి. అప్పుడు మూడు వారాల దాకా నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకొంచెం.

ప్రశ్న: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్నారు. రాగి బిందెలో పోసి తాగితే పోతుందా? – పాఠకుడు, ఇబ్రహీంపట్నం

జవాబు: పోదు. రాగి సూక్ష్మజీవులను చంపుతుంది, అదీ సమయం ఇస్తేనే. ప్రయోగశాలలో నీళ్లను 16 గంటలు రాగి పాత్రలో ఉంచినప్పుడు విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా చచ్చినట్టు తేలింది, నీళ్లలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకు లోపలే ఉంది. రాత్రి పోసి మర్నాడు తాగే మన అలవాటులో ఆ మేరకు నిజం ఉంది. గంటసేపు ఉంచితే చాలనుకోవద్దు. చింతపండుతో తోమి చిలుము లేకుండా ఉంచాలి. మజ్జిగ, నిమ్మరసం, అంబలి అందులో పోయకూడదు. పులుపు రాగిని కరిగిస్తుంది, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించింది అందుకే.

ఫ్లోరైడ్‌కు రాగి ఏమీ చేయదు, మరిగించినా పోదు. మరిగితే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. లోపు మంచిది, వేరే నీళ్లు దొరకని చోట గరిష్ఠం 1.5. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి మన నల్లగొండ పేరుతోనే ఉంది, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. ఎంత పటిక పడుతుందన్నది ఫ్లోరైడ్‌ను బట్టీ, నీటి క్షారతను బట్టీ మారుతుంది. ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. పరీక్ష లేకుండా ఇంట్లో అంచనాగా వేయొద్దు. తాగడానికీ వంటకీ నల్లా నీళ్లు వాడండి, బోరు నీళ్లు మిగతా పనులకు. వంట మాట మరవకండి, అన్నం, పప్పు ఆ నీళ్లనే తాగుతాయి.

వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన. 100 చదరపు మీటర్ల మిద్దె మీద అయిదో వంతు పోయినా 64,000 లీటర్లు దిగుతాయి. మొదటి పది పదిహేను నిమిషాల నీళ్లు బయటికి వదిలేసి, మిగతావి వడగట్టి, వెలుతురు చొరని ట్యాంకులో పట్టండి. తాగే ముందు కాచుకోండి.

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మూడెకరాలుంది. మృగశిర వచ్చింది, విత్తనం వేయాలంటారు నాన్న. ఫోన్‌లో వాతావరణ సూచన ఆగమంటోంది. – పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: నాన్నగారు చెప్పేది అదును, అంటే కాలం; సూచన చెప్పేది పదును, అంటే నేలలో తడి. రెండూ కలిసినప్పుడే విత్తాలి.

కార్తెలు సూర్యుడి నడకను బట్టి వస్తాయి, తిథుల్లా ముందూ వెనకా జరగవు. ఏటా 27, ఒక్కోటి 13, 14 రోజులు. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, నైరుతి మనకు వచ్చే రోజులూ దాదాపు అవే. అంటే కార్తె తరాల సగటును చెబుతుంది, ఈ ఏటి వానను కాదు. దీనికి తోడు భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువులకూ మధ్య సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతోంది. వెయ్యేళ్లకు దాదాపు ఒక కార్తె. సామెత ఎంత పాతదైతే అంత సర్దుకుని చదవాలి.

పదును మీరే కొలవండి. అంచులు నిటారుగా ఉన్న డబ్బాను చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టి, వాన వెలిశాక స్కేలుతో చూడండి. రోజూ పొద్దున ఒకే వేళకు రాసి పారబోయాలి. రేగడిలో 60 నుంచి 75 మి.మీ. పడ్డాకే పత్తి, కంది విత్తాలి. చల్కలో (ఎర్ర ఇసుక నేలలో) 50–60 చాలు. తర్వాత గడ్డపారతో తవ్వండి. జానెడు లోతు దాకా తడి దిగి ఉండాలి. ఆ మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. చేతికి జిగటగా అంటుకుంటే ఇంకో రోజు ఆగండి. తొలి జల్లుకు తొందరపడి వేసిన విత్తనం మొలక పగిలాక పది రోజులు వాన లేకపోతే చేలోనే మాడుతుంది. గింజ ఖర్చు, కూలి, అదును మూడూ పోతాయి.

వాతావరణ శాఖ రైతు సూచనలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి, మేఘదూత్ యాప్‌లో తెలుగులో చూడొచ్చు. అది ముందున్న అయిదు రోజుల మాట, మీ జిల్లా మొత్తానికీ చెప్పే మాట. మీ చేనికి ఎంత పడిందో మీ డబ్బాయే చెబుతుంది. పత్తిలో 4 లేదా 6 సాళ్లకు ఒక కంది సాలు, జొన్నలో 2 సాళ్లకు ఒకటి వేయండి. కంది వేరు లోతుకు పోతుంది, ఆగస్టులో వాన ఆగినా పైపంట కన్నా ఎక్కువ రోజులు నిలబడుతుంది.

ప్రశ్న: మా నాయనమ్మకు కీళ్ల నొప్పుల ఆకు మందు తెలుసు. ఒక కంపెనీ వాళ్లు వివరాలు అడుగుతున్నారు. మేమే పేటెంట్ తీసుకోవచ్చా? – పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: ఉన్న మందును ఉన్నట్టుగా తీసుకోలేరు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(పి) సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వదు. ఆ కంపెనీకీ అదే వర్తిస్తుంది. గాయాలకు పసుపు వాడకంపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంట్‌ను, మన దేశ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి సవాలు చేయడంతో 1997లో రద్దు చేశారు. వేప మీద ఐరోపాలో ఇచ్చినది 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. పసుపు విషయంలో గెలిపించింది రాత సాక్ష్యమే. అందుకే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది.

మీరు చేయాల్సింది రాసి పెట్టడం. మొక్కకు మీ ఊళ్లో పిలిచే పేరు, ఏ భాగం, ఏ నెలలో కోస్తారు, ఎంత తూకం, దేనితో నూరతారు, ఎన్ని రోజులు, ఎవరికి ఇవ్వరు. ఆకు, పువ్వు, కాయ ఉన్న కొమ్మకు ఫొటో తీసి వృక్షశాస్త్రం తెలిసినవారితో శాస్త్రీయ నామం రాయించండి. ఒకే పేరుతో రెండు వేర్వేరు మొక్కలుండటం మామూలే, పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి. ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటుంది, 2002 చట్టం ప్రకారం. అందులో నమోదు చేయించండి. కంపెనీ వాళ్లు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టేముందు రాష్ట్ర జీవవైవిధ్య మండలిని అడగండి, వారి కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. తూకాలు ఫోన్‌లో చెప్పకండి. నాయనమ్మ చెబుతుండగా ఆమె మాటల్లోనే రికార్డు చేసి తేదీ వేసి ఉంచండి, ఈ వారమే.

ప్రశ్న: చెరువు పూడిక మట్టి కుండీలకు మంచిదంటారు. మా కాలనీ పక్క చెరువులోంచి తెచ్చుకోవచ్చా? – పాఠకుడు, నిజాంపేట

జవాబు: ఊరి చెరువు మట్టి అయితే మంచిదే, బంకమన్ను ఎక్కువ కనుక చల్క నేలలో తడి నిలుపుతుంది. నగరంలో మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు చేరిన చెరువు మట్టిలో సీసం, కాడ్మియం లాంటి లోహాలుండొచ్చు. ఆకుకూరలు వాటిని పీల్చుకుంటాయి. మట్టి పరీక్షలో లోహాలు కూడా చూపించకుండా ఆ మట్టిని తినే మొక్కలకు వేయకండి.